బేరం కూలి దగ్గరేనా?

మా తిరుమలాయపాలెం ఎండల గురించి ఖమ్మం జిల్లా వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట ట్యాంకులో నీళ్ళు వాటంతట అవే కాగుతాయి. చన్నీళ్ళ స్నానం చేద్దామన్నా దొరకవు. అలాంటి ఊళ్ళో వేడినీళ్ళ గురించి ఇంత రామాయణమా అనుకుంటారేమో. డిసెంబరులోనో జనవరిలోనో తెల్లవారుజామున ఒక్కసారి మా పెరట్లో నిలబడి చెంబెడు నీళ్ళు కాళ్ళ మీద పోసుకుంటే తెలుస్తుంది.

మా అత్తయ్యకు 76 ఏళ్ళు. ఏ కాలమైనా ఐదింటికి లేచి స్నానం చేయాల్సిందే. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి మొన్న మొన్నటి దాకా మాకు వేడినీళ్ళంటే పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మసిబారిన కాగు, పొయ్యిలోకి పత్తి కట్టె. పత్తి ఏరడం అయిపోయాక చేల నుంచి తెచ్చి వామి వేసుకున్న కట్టె సంక్రాంతి దాటేదాకా వచ్చేది. పొగ కళ్ళల్లోకి, బూడిద చీర కుచ్చిళ్ళలోకి. అక్కడి నుంచి బకెట్ మోసుకుని బాత్రూందాకా నడక.

నా నడుము నొప్పి చూసి మా వారు కరెంటు రాడ్డు తెచ్చారు. రెండు చలికాలాలు బాగానే నడిచింది. పోయిన జనవరిలో ఒకరోజు నేను ఇంకా లేవకముందే అత్తయ్య రాడ్డు పెట్టుకుని, నీళ్ళు కాగాయో లేదోనని స్విచ్చి తీయకుండానే బకెట్లో వేళ్ళు పెట్టారు. ఒక్క కేక, బకెట్ బోల్తా. దేవుడి దయ వల్ల చెయ్యి తిమ్మిరెక్కడంతో పోయింది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. సాయంత్రం మా వారితో ఒకటే మాట అన్నాను, "వచ్చే చలికాలానికి ఈ ఇంట్లో గీజరు ఉండాలి."

గీజరు కొనడం ఒక గంట పని. ఖమ్మం వెళ్ళి, నక్షత్రాల లేబుల్ చూసుకుని, 15 లీటర్లది తెచ్చుకున్నాం. అసలు కథ దాన్ని గోడకు తగిలించే దగ్గర మొదలైంది. మాది పాత ఇల్లు. బాత్రూంలో ఒకే ఒక చన్నీళ్ళ కుళాయి. ట్యాంకు నుంచి గీజరుకు కొత్త లైను, గీజరు నుంచి బాత్రూం కుళాయికి ఒకటి, అంట్లు తోముకునే చోటికి ఇంకొకటి వేడినీళ్ళ లైను వేయాలి. వాటి కోసం గోడకు గాడి కొట్టాలి. కరెంటు పాయింటు మార్చాలి.

మొదట వచ్చిన ప్లంబర్ మా మండలంలోని కుర్రాడే, ముప్పై ఏళ్ళుంటాయి. గుమ్మంలోకి వస్తూనే "సార్ లేరా అక్కా?" అన్నాడు. "లేరు, నేనున్నాగా, చూడు" అన్నాను. బాత్రూం చూశాడు, మేడెక్కి ట్యాంకు చూశాడు, కిందికొచ్చి ప్రశ్నలు మొదలెట్టాడు. నీళ్ళు బోరువా, భగీరథవా? ఇంట్లో ఎంతమంది? పొద్దున ఒకరి తర్వాత ఒకరు చేస్తారా? పెద్దవాళ్ళున్నారా? గీజరు మీద ఎన్ని వాట్లని ఉంది? అన్నీ విని, వేళ్ళ మీద లెక్కేసుకుని, "గీజరు కాకుండా 14 వేలు అవుద్ది అక్కా" అన్నాడు.

రెండో ఆయన పక్క ఊరి నుంచి వచ్చాడు. వయసులో పెద్ద. గుమ్మం దగ్గర నిలబడే బాత్రూం వైపు ఒక చూపు చూసి, "అంతా కలిపి 7 వేలు ఇవ్వండమ్మా, రేపు సాయంత్రానికల్లా వేడినీళ్ళు" అన్నాడు.

సాయంత్రం మా వారొచ్చి రెండు అంకెలూ వినగానే తీర్పు చెప్పేశారు. "చూశావా, మొదటివాడు దోచుకుందామనుకున్నాడు. సగానికి సగం తేడా! నీకు ఈ విషయాలు తెలియవు, రెండో ఆయనకే చెప్పేద్దాం."

"నీకు తెలియదు" అనే మాట మన ఇళ్ళల్లో ఎంత మామూలుగా వాడతారో మీకూ తెలుసు. ఇరవై ఏళ్ళుగా వింటున్న మాటే. ఆ రోజు మాత్రం ఎందుకో లోపల గుచ్చుకుంది. ఆ నీళ్ళతో స్నానం చేయించేది నేను, అంట్లు తోమేది నేను, ఎక్కడైనా కారితే గుడ్డ పట్టుకుని తుడిచేది నేను. మరి నాకు తెలియంది ఏమిటి?

రాత్రి మంచం మీద ఆలోచిస్తుంటే ఒకటి తట్టింది. లైనింగ్ జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్తే మనల్ని ఎవరైనా మోసం చేయగలరా? గుడ్డ ఎంత పడుతుంది, లైనింగు మీటరు ఎంత, హుక్కులకు ఎంత, కుట్టు కూలి ఎంత, ఫాల్ పికోకు వేరే ఎంత, అన్నీ మనకు నోటికి వచ్చు. టైలర్ "అంతా కలిపి ఇంత" అంటే, "లైనింగు నీదా నాదా?" అన్నది మన నోట్లోంచి వచ్చే మొదటి మాట. ఆ లెక్క మనకు ఎవరూ పాఠం చెప్పలేదు. విడివిడిగా అడిగి అడిగి నేర్చుకున్నాం. ప్లంబర్ దగ్గర మాత్రం విడదీసి అడగడం మానేసి, ఒక్క అంకె విని నోరెళ్ళబెడతాం. 14 వేలు ఎక్కువా తక్కువా అని నేను తేల్చుకోలేకపోవడానికి కారణం ప్లంబింగ్ తెలియకపోవడం కాదు. ఆ 14 వేలలో ఏమేం ఉన్నాయో అడగకపోవడం.

మా చెల్లెలు అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటుంది. అదే రాత్రి ఫోన్ చేస్తే దీని గురించి చెప్పాను. అది నవ్వి, "అక్కా, మాకిక్కడ ఇల్లంతా వేడి చేసుకోవాలి" అంది. వాళ్ళ ఇంటి కింద నేలమాళిగలో ఒక బాయిలర్ ఉంటుందట. అది కాచిన నీళ్ళు పైపుల్లో గది గదికీ తిరిగి ఇల్లు వెచ్చగా ఉంచుతాయట. అది పాడైతే పిలిచేది ప్లంబర్‌నే. రెండేళ్ళ కిందట మార్చాల్సి వచ్చి ముగ్గురి దగ్గర కాగితం మీద రేటు రాయించుకున్నారు. అందరికంటే తక్కువ చెప్పిన అతని కాగితంలో పాత బాయిలర్ తీసుకెళ్ళే ఖర్చు లేదు, మున్సిపాలిటీ పర్మిట్ ఖర్చు లేదు. అవి కలిపితే అతనే అందరికంటే ఎక్కువ. "తక్కువ అంటే ఏది తక్కువో చూసుకోవాలి" అంది చెల్లెలు.

మర్నాడు ఇద్దరికీ ఫోన్ చేసి, సామాను చిట్టీ రాసిమ్మన్నాను. రెండో ఆయన నొచ్చుకున్నాడు. "నమ్మకం లేదామ్మా? ఇన్నేళ్ళ నుంచి చేస్తున్నా, నన్నెవరూ చిట్టీ అడగలా" అన్నాడు. మొదటి కుర్రాడు సాయంత్రం వచ్చి, మా ఇంట్లోని పాత క్యాలెండర్ కాగితం అడిగి తీసుకుని దాని వెనక రాశాడు. సీపీవీసీ పైపు 60 అడుగులు 2,600. ఎల్బోలు, టీలు, ఇత్తడి ఫిట్టింగులు 1,900. బాల్ వాల్వులు, సేఫ్టీ వాల్వు, గీజరు కనెక్షన్ పైపులు 1,450. కుళాయిలు రెండు 900. కరెంటు వైరు, 16 ఆంపియర్ల పాయింటు, ఎంసీబీ 2,350. తన కూలీ, హెల్పర్ కూలీ రెండు రోజులకు 3,600. కరెంటు పనికి వచ్చే అతనికి 800. సిమెంటు, ఇసుక, ఆటో 400. కూడి చూశాను, సరిగ్గా 14 వేలు.

నేలకొండపల్లి మాకు దూరం కాదు. ఆ ఊరి కంచర్ల గోపన్న గారు పాల్వంచ తహసీల్దారుగా ఉండి భద్రాచలం గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో పడ్డాక రాముణ్ణి నిలదీసిన కీర్తన గుర్తుందా? భరతుడికి ఏ నగ, శత్రుఘ్నుడికి ఏ నగ, సీతమ్మకు ఏ నగ, దేనికి ఎంత సొమ్ము పట్టిందో వరసపెట్టి అప్పజెప్పారు. బీఏలో ఆ కీర్తన చదువుకున్నప్పుడు భక్తి ఒక్కటే కనపడింది. ఇల్లు నడిపే వయసొచ్చాక లెక్క కూడా కనపడింది. దేవుడితోనైనా సరే, లెక్క విప్పి చెబితే ఎవరికీ అవమానం కాదు. చిట్టీ అడగడం అపనమ్మకం కాదని రెండో ఆయనకు చెప్పాలనుకున్నాను గానీ, ఆయన ఫోన్ పెట్టేశారు.

ఊరుకోకుండా మళ్ళీ చేసి, ఆయన్ని నోటిమాటగానే మూడు ప్రశ్నలు అడిగాను. ఏ పైపు వేస్తారు? సేఫ్టీ వాల్వు ఉందా? కరెంటు ఎక్కడి నుంచి ఇస్తారు? మామూలు తెల్ల పైపే, వాల్వు ఎందుకమ్మా దండగ, ఉన్న ప్లగ్గు పాయింటుకే తగిలిద్దాం అన్నారు. అప్పుడర్థమైంది, 7 వేలు, 14 వేలు ఒకే పనికి చెప్పిన రెండు రేట్లు కావు. అవి రెండు వేరే పనులు.

ఈ మూడింటి గురించి నేను ఖమ్మంలో శానిటరీ షాపులోనూ, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివే మా అక్క కొడుకుతోనూ అడిగి తెలుసుకున్నవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటిది పైపు. తెల్ల పీవీసీ పైపు చన్నీళ్ళకు. వేడి తగిలితే మెత్తబడుతుంది, వంగుతుంది, అతుకులు వదులవుతాయి. వేడినీళ్ళకు లేత మీగడ రంగులో ఉండే సీపీవీసీ పైపు వేయాలి. అది 93 డిగ్రీల దాకా తట్టుకునేలా చేస్తారు. దానికి వాడే సొల్యూషన్ కూడా వేరే. పైపు మీదే అచ్చు వేసి ఉంటుంది చూడండి, సీపీవీసీకి ఐఎస్ 15778, చన్నీళ్ళ పైపుకు ఐఎస్ 4985. కళ్ళజోడు పెట్టుకుని చదవగలిగితే చాలు, ఇంజనీరింగ్ అక్కర్లేదు.

రెండోది సేఫ్టీ వాల్వు. నీళ్ళు కాగితే పొంగుతాయి, పాలంతగా కాదు గానీ పొంగుతాయి. 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాగేసరికి 15 లీటర్ల నీళ్ళు సుమారు ఒక గ్లాసుడు పెరుగుతాయి. నాలుగు వైపులా మూసి ఉన్న ట్యాంకులో ఆ గ్లాసుడు నీళ్ళు ఎక్కడికి పోతాయి? అందుకే ఒత్తిడి పెరిగితే బయటికి వదిలే వాల్వు. గీజరు ఒక్కోసారి చుక్క చుక్కగా ఆ వాల్వు దగ్గర కారుస్తుంటే చెడిపోయిందని భయపడక్కర్లేదు, దాని పని అది చేస్తోంది. దాన్ని బిరడా పెట్టి మూసేయడమే ప్రమాదం.

మూడోది కరెంటు. మా గీజరు 2,000 వాట్లు. 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 8.7 ఆంపియర్లు. మా బాత్రూం పక్కన ఉన్నది 6 ఆంపియర్ల చిన్న పాయింటు. ఫోన్ ఛార్జర్ పెట్టుకునే దానికి గీజరు తగిలిస్తే వైరు వేడెక్కుతుంది, ఒకరోజు కాలుతుంది. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే రాడ్డు దగ్గర జరిగిందే మళ్ళీ జరుగుతుంది. రాడ్డు భయంతో గీజరు పెట్టించుకుంటూ, అదే భయాన్ని గోడలో దాచుకోవడం ఎందుకు?

ఇవన్నీ చెప్పాక మా వారు మారు మాట్లాడలేదు. పేపరు మడిచి పక్కన పెట్టి, "మరి 14 వేలకు ఆ కుర్రాడికే చెబుదాం" అన్నారు. ఆగండి అన్నాను. రెండోది తక్కువని తేలింది గానీ, మొదటిది న్యాయమని ఇంకా తేలలేదుగా.

చిట్టీ పట్టుకుని ఖమ్మంలో షాపులో రేట్లు అడిగాను. ప్లంబింగ్ సామానుకు ఒక గుట్టు ఉంది. డబ్బా మీద ముద్రించిన రేటు ఒకటి, షాపువాడు ఇచ్చే రేటు ఇంకొకటి. కుర్రాడు ముద్రించిన రేట్లకు దగ్గరగా 9,200 రాసిన సామాను, 18 శాతం జీఎస్టీతో బిల్లు ఇచ్చి కూడా 8,100కి వస్తుందన్నారు. అంటే నడుమ 1,100 తేడా. పెరట్లో తాడుతో పైపు దారి కొలిచాను. 44 అడుగులే వచ్చింది, అతను రాసింది 60.

నిజం చెబుతున్నాను, ఒళ్ళు మండింది. వాణ్ణి పిలిచి నిలదీశాను. కుర్రాడు దాచలేదు. "పైపు పది అడుగుల ముక్కలుగా వస్తుందక్కా, 44కి ఐదు ముక్కలు కావాలి. ఒక ముక్క ఎక్కువే రాశా. మధ్యలో తక్కువ పడితే మళ్ళీ ఖమ్మం పోయి రావాలి. సామాను మీద కొంచెం ఉంటది, అబద్ధం ఎందుకు. కానీ మీరే తెచ్చుకుంటే, ఒక ఎల్బో తక్కువైతే మీరు వెళ్ళి తెచ్చేదాకా నేను, హెల్పరు ఖాళీగా కూర్చోవాలి. ఆ పూట కూలి ఎవరిస్తారు? పొరపాటు సైజు వస్తే మార్చుకొచ్చేది ఎవరు?"

కోపం సగం అక్కడే పోయింది. ఆ 1,100 ఊరికే వచ్చే డబ్బు కాదు. వెళ్ళడం, మోయడం, మార్చుకురావడం, సామాను చెడ్డదైతే మాట పడటం, వీటన్నిటికీ కలిపి వచ్చేది. తప్పల్లా అది పైపుల రేటు వెనక దాక్కుని ఉండటమే. బయటికి తీసి మాట్లాడుకున్నాం. సామాను మా పేరు మీద బిల్లుతో తేవాలి, తెచ్చినందుకు అతనికి 500 వేరే ఇస్తాను, కోయని ముక్కలు మిగిలితే తిరిగి ఇచ్చేయాలి. ఒప్పుకున్నాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం నా తెలివితేటల గురించి అయ్యేది. ఆగలేదు. లేచి వెళ్తున్న వాణ్ణి ఆపి, "అన్నీ బాగానే ఉన్నాయి గానీ తమ్ముడూ, కూలి దగ్గర ఒక 600 తగ్గించుకో" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. కొత్తిమీర కట్ట దగ్గర, ఆటో దగ్గర, అరిటాకుల దగ్గర అలవాటైన నోరు. బేరం ఆడకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది మనకు. కుర్రాడు నేల చూపులు చూసి, "సరే అక్కా" అన్నాడు.

మొదటి రోజు అతను, పద్దెనిమిదేళ్ళ హెల్పర్ కుర్రాడు వచ్చి గోడ గాడి కొట్టారు. కట్టర్ దుమ్ముకు ఇద్దరూ పిండిలో దొర్లినట్టు తయారయ్యారు. రెండో రోజు హెల్పర్ రాలేదు. ఒక్కడే పైపులు అతికించాడు, ఒక్కడే మేడ మీదికీ కిందికీ తిరిగాడు, పొద్దు పోతోందని అతికించిన సాయంత్రమే గాడి సిమెంటుతో మూసేశాడు. అసలైతే లైను నీళ్ళతో నింపి, ఒక రాత్రంతా ఉంచి, ఎక్కడా చెమ్మ లేదని చూసుకున్నాకే మూయాలట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

పది రోజులకు గోడ మీద అరచేతి మందాన తడి మచ్చ తేలింది. ఫోన్ చేస్తే ఆ సాయంత్రమే వచ్చాడు. గోడ మళ్ళీ తవ్వి, అతుకు కోసి, కొత్తది వేసి, ఈసారి రాత్రంతా ఉంచి మర్నాడొచ్చి మూశాడు. రూపాయి అడగలేదు. కానీ ఆ గోడకు మళ్ళీ సున్నం, రంగు వేయించడానికి నాకు 900 అయింది. 600 మిగిల్చుకోబోయి 900 పెట్టాను.

హెల్పర్ రానిది నేను కూలి కోసినందుకా, వాళ్ళింట్లో ఏదైనా పనుండా? నేను అడగలేదు. అడిగే మొహం లేకపోయింది. ఎందుకంటే ఆ రాత్రి క్యాలెండర్ కాగితం మళ్ళీ తీసి చూశాను. 14 వేలలో కూలీ అంతా కలిపితే 4,400. మూడో వంతు కూడా కాదు. మిగతాదంతా పైపులు చేసే కంపెనీకి, షాపుకి, జీఎస్టీకి. కాగితం మొత్తం మీద నా నోరు లేచింది మాత్రం గోడ పగలగొట్టే మనిషి దగ్గరే. పైపు రేటు తగ్గితే పైపు అలగదు. కూలి తగ్గిస్తే అది ఎక్కడో ఒకచోట పనిలోంచి తగ్గుతుంది, లేకపోతే ఒక పిల్లవాడి రోజు కూలీలోంచి తగ్గుతుంది.

కోసిన 600 మర్నాడు అతని చేతిలో పెట్టాను. "రిపేరుకు వద్దక్కా, అది నా పొరపాటే" అన్నాడు. "రిపేరుకు కాదు, ముందు అనుకున్న కూలి" అన్నాను. తీసుకున్నాడు. మిగిలిన పైపు ముక్క షాపులో తిరిగిచ్చి 380 రూపాయలు తెచ్చి నాకిచ్చాడు. అన్నీ పోను మాకు అయింది 13,020. మా వారి మాటల్లో "దోచుకుందామనుకున్నవాడు" చెప్పినదానికీ, చివరికి అయినదానికీ తేడా వెయ్యి లోపే.

ప్లంబర్లందరూ మంచివాళ్ళని నేను చెప్పడం లేదు. చెడ్డ అనుభవాలు మీకూ ఉంటాయి. పని మొదలు కాకముందే మొత్తం డబ్బు అడిగేవాళ్ళు, బిల్లంటే మొహం ముడుచుకునేవాళ్ళు, బ్రాండు పైపు చెప్పి పేరులేనిది వేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ దగ్గర గట్టిగానే ఉండాలి. కానీ "అందరూ దొంగలే, సగానికి అడగాలి" అనే సూత్రం దొంగను పట్టించదు. దొంగ ఆ సగం ముందే కలుపుకుని చెబుతాడు. నిజం రేటు చెప్పినవాడే దెబ్బతింటాడు.

నాకు ఇప్పుడు అర్థమైన పద్ధతి ఇది. రేటు కంటే ముందు, ఆ మనిషి ఏమేం అడిగాడో చూడండి. మా కుర్రాడు నీళ్ళు బోరువా భగీరథవా అని ఎందుకు అడిగాడంటే, ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్ళు గీజరు లోపల చౌడులా పేరుకుని కాచే కడ్డీని తినేస్తాయి. ఆ నీళ్ళైతే ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయించాలి, లోపలుండే మెగ్నీషియం కడ్డీ అరిగిందేమో చూడాలి. అడగనివాడికి ఇవేవీ పట్టవు. తర్వాత సామాను వేరుగా, కూలి వేరుగా చిట్టీ రాయించుకోండి. "అంతా కలిపి" అన్నచోట ఏది కలిసిందో, ఏది కలవలేదో అడగండి. ఇద్దరి చిట్టీలు పక్కపక్కన పెట్టి ఒకే సామానుకు, ఒకే పనికి పోల్చండి. పైపు దారి తాడుతో మీరే కొలవండి. సామానుకు అడ్వాన్సు ఇవ్వండి, కూలి పని అయ్యి లైను పరీక్షించాక ఇవ్వండి. గాడి మూసే ముందు ఒక రాత్రి ఆగమని మీరే చెప్పండి, అందుకు ఇంకో పూట కూలి అయితే ఇవ్వండి. మాట్లాడేటప్పుడు "సార్ లేరా" అంటే, "నేనున్నాను, నాకు చెప్పు" అనండి.

ఇక బేరం. ఆడండి, తప్పేం లేదు. సామాను రేటు దగ్గర, కొలత దగ్గర, అక్కర్లేని వస్తువు దగ్గర ఆడండి. కూలి మరీ ఎక్కువనిపిస్తే ఊళ్ళో నలుగురిని అడిగి రోజుకు ఎంత నడుస్తోందో తెలుసుకుని మాట్లాడండి. అలవాటు కొద్దీ మాత్రం కోయకండి. మన ఇంటి చాకిరీకి ఎవరూ చిట్టీ రాయరని, మనం చేసేదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరని బాధపడే మనమే, ఇంకొకరి ఒళ్ళు వంచిన పనిని అందరికంటే ముందు తగ్గించబోతే ఎట్టా?

ఇప్పుడు మా అత్తయ్య ఐదింటికి లేచి స్విచ్చి వేస్తారు. చలికాలం నీళ్ళు 60 డిగ్రీలకు కాగడానికి ఇరవై నిమిషాల పైన పడుతుంది, కరెంటు యూనిట్‌లో మూడు వంతులు కూడా కాలదు. స్విచ్చి తీసేసే కుళాయి తిప్పాలని, ముందు చన్నీళ్ళు పట్టి తర్వాతే వేడినీళ్ళు కలపాలని రోజూ చెబుతూనే ఉన్నాను. 60 డిగ్రీల నీళ్ళు కొన్ని సెకన్లలోనే చర్మం కాలుస్తాయి మరి. పెరట్లో కాగు ఇంకా అట్లాగే ఉంది, కరెంటు పోయిన రోజుకు పనికొస్తుందని అత్తయ్య తీయనివ్వలేదు. క్యాలెండర్ కాగితం కూడా దాచాను, వంటింటి అలమరాలో, రేషన్ కార్డు పక్కన. మొన్న పక్కింటి వదిన గీజరు పెట్టిద్దామనుకుంటూ, "మీకు ఎంతైంది వదినా?" అని అడిగితే, అంకె చెప్పకుండా ఆ కాగితమే తెచ్చి చేతిలో పెట్టాను.